బందరు రేవు, కంపెనీ వర్తకం, మెర్కంటిలిజం: క్లాసులో ఆటగా ఆడించాలంటే?

సుద్దముక్క అడుగుతున్నారు:

ఎనిమిదో తరగతి, 44 మంది. వరసగా రెండు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మెర్కంటిలిజం (కొన్ని పుస్తకాల్లో వాణిజ్యవాదం అంటున్నారు; దేశం నుంచి పోయే వెండి బంగారాల కంటే వచ్చేవి ఎక్కువుండాలన్న సిద్ధాంతం) పాఠాన్ని ఆటగా ఆడించాలనుంది. దొరుకుతున్న నమూనాలన్నీ ఉత్తర అమెరికాలోని 13 వలసల మీదే ఉన్నాయి. వలస పొగాకు పంపుతుంది, ఇంగ్లండు తయారీ సరుకు అమ్ముతుంది, మధ్యలో నౌకాయాన చట్టాలు (వలసల వర్తకం ఇంగ్లీషు ఓడల్లోనే సాగాలన్నవి). ఇదే చట్రాన్ని కోరమాండల్ తీరానికి (మన తూర్పు తీరానికి) తగిలిస్తే తప్పవుతుందని అనుమానం. 17వ శతాబ్దంలో ఇక్కణ్ణించి పోయింది ముడిసరుకు కాదు, నేసిన గుడ్డ. కొనడానికి వెండి తెచ్చుకున్నది వాళ్ళు.

మూడు సందేహాలు. ఆట చట్రం ఎలా ఉండాలి? ఎన్ని గింజలు, ఎన్ని కాగితాలు, ఏ ధర పెడితే లెక్క కుదురుతుంది? "కంపెనీ వాళ్ళు దొంగలు, నేతగాళ్ళు పాపం" అన్న ఒక్క ముక్కతో పిల్లలు ఇంటికి పోకుండా ఏం చెయ్యాలి? కలర్ ప్రింట్లకి డబ్బుల్లేవు, కాగితం, స్కేళ్ళు, సుద్ద ఉన్నాయి.

పుంజం120:

మీ అనుమానం నిజమే. అమెరికా చట్రం ఇక్కడ పనికిరాదు. ఇక్కడి ఆటలో పిల్లలకి తెలియాల్సింది ఒక్కటే: కంపెనీ లాభం వేరు, దేశం వెండి లెక్క వేరు. ఈ రెండూ ఎప్పుడు కలిశాయో, ఎప్పుడు విడిపోయాయో కనబడితే మెర్కంటిలిజం అర్థమైనట్టే. అందుకని ధరల్ని ఆ లెక్క పైకి తేలేలా కట్టాలి. కింద ఇస్తున్నవి చారిత్రక ధరలు కావు, ఆట కోసం పెట్టిన నిష్పత్తులు. ఆ మాట పిల్లలకి ముందే చెప్పండి.

జట్లు: నేత ఇళ్ళు 4, ఒక్కో ఇంట్లో నలుగురు (16). దాదనీ వర్తకుల (కంపెనీ దగ్గర బయానా తీసుకుని గుడ్డ నేయించి ఇచ్చేవాళ్ళ) జట్లు 2, ఒక్కోదాంట్లో నలుగురు (8). ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 4, డచ్చి ఈస్టిండియా కంపెనీ 4, సుగంధ ద్రవ్యాల దీవులు 4, లండన్ 4 (ఇద్దరు కొనుగోలుదార్లు, ఇద్దరు అక్కడి పట్టునేతగాళ్ళు), గోల్కొండ రేవు అధికారులు 2, బోర్డు మీద లెక్క రాసేవాళ్ళు 2. సరిగ్గా 44.

సామాను: 700 చింతపిక్కలు (వెండి), 40 ఏ4 కాగితాలు, 18 స్కేళ్ళు, మిరియాల పొట్లాలు 32, రెండు పెట్టెలు. ఒక పెట్టె మీద "యూరప్", రెండోదాని మీద "కొట్టు" అని రాయండి. కాగితాన్ని నాలుగు ముక్కలు చెయ్యాలి. ఒక ముక్క మీద స్కేలుతో అంచు నుంచి అంచుకి 12 గీతలు గీస్తే ఒక తాను. 120 పోగులు ఒక పుంజం కాబట్టి గీతకి పది పోగులనుకోండి. గీత అంచు దాకా రాకపోతే తాను తిరస్కరించొచ్చు. తాన్లు ముందే తయారుచేసి చేతికివ్వకండి. చెయ్యి నొప్పెట్టకపోతే ధర తగ్గినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు.

ఒక్కో రౌండు 8 నిమిషాలు, తరవాత 5 నిమిషాలు లెక్క.

ఒకటో రౌండు, 1611 తరవాతి కాలం. కంపెనీలకి చెరో 100 గింజలు. ఒక్కో కంపెనీ ఒక్కో వర్తకుల జట్టుకి 16 తాన్లు ఆర్డరిస్తుంది, తానుకి 4. సగం, అంటే 32, బయానాగా ముందే ఇవ్వాలి. వర్తకులు నేత ఇంటికి తానుకి 1 చొప్పున ముందిస్తారు (ఇంటికి 8 తాన్లు కాబట్టి 8 గింజలు), తాను చేతికొచ్చాక ఇంకో 2. ఇల్లు ఆ 8 గింజలూ కొట్టులో ఇచ్చి నూలు, అంటే కాగితం ముక్కలు, తెచ్చుకుంటుంది. రౌండు చివర బియ్యానికి మనిషికి 3, ఇంటికి 12. అంటే ఇంటికి 24 వస్తే 20 పోయి 4 మిగులుతాయి. వర్తకుల జట్టుకి 16 మిగులుతాయి. కంపెనీ రేవులో సుంకం కింద 4 కడుతుంది. తరవాత 8 తాన్లు దీవులకి తీసుకెళ్ళి 8 పొట్లాలకి మార్చుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు పొట్లాలు "యూరప్" పెట్టెలో 10 చొప్పున, మిగతా 8 తాన్లు లండన్ కొనుగోలుదార్లకి 8 చొప్పున అమ్ముతారు. లండన్ కొనుగోలుదార్లకి ప్రతి రౌండుకీ 80 గింజలివ్వాలి. డచ్చివాళ్ళు అన్నీ పెట్టెకే అమ్ముతారు, తాను 6.

ఇప్పుడు బోర్డు మీద "ఇంగ్లండు వెండి": బయటికి పోయింది 68, బయటి దేశాల నుంచి వచ్చింది 80. అంటే +12. లండన్‌లో అమ్మిన తాన్ల డబ్బు ఈ లెక్కలోకి రాదు. అది ఇంగ్లండు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, అంతే. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడ్డం తిరుగుతారు, తిరగనివ్వండి. కంపెనీ డైరెక్టరు థామస్ మన్ 1621లో చేసిన వాదన కూడా ఈ గీత మీదే నిలబడింది: వెండి బయటికి పోతోందని గోల పెట్టకండి, తెచ్చిన సరుకు మళ్ళీ బయటి దేశాలకమ్మితే పోయినదానికంటే ఎక్కువ తిరిగొస్తుంది, అని.

రెండో రౌండు, 1680లు. దీవుల చుట్టూ తాడు కట్టండి, ఇంగ్లీషువాళ్ళకి ఇక పొట్లాలు లేవు. 16 తాన్లూ లండన్‌కే. కొనుగోలుదార్ల దగ్గర పాత 16, కొత్త 80 ఉంటాయి కాబట్టి 12 తాన్లు కొంటారు. మిగిలిన 4 యూరప్ పెట్టెకి 6 చొప్పున. వెండి లెక్క: పోయింది 68, వచ్చింది 24. అంటే −44. కంపెనీకి మాత్రం 120 వచ్చింది, 52 లాభం! ఈ రౌండులో వర్తకులు ఏ కంపెనీకైనా అమ్మొచ్చని చెప్పండి. బేరం 5కి పోతే లోటు ఇంకా లోతుకి దిగుతుంది. అదే సమయంలో లండన్ పట్టునేతగాళ్ళు 12 చొప్పున అమ్మజూసిన గుడ్డ ఒక్కటీ పోదు. వాళ్ళు అరవడం మొదలుపెడతారు. మీరు చెప్పాల్సిన పని లేదు.

మూడో రౌండు, 1700 చట్టం. రంగులద్దిన గుడ్డ ఇంగ్లండులో అమ్మకూడదు, బయటికి పంపడానికైతే తేవచ్చు. 16 తాన్లూ యూరప్ పెట్టెకి: పోయింది 68, వచ్చింది 96, +28. కంపెనీ లాభం 52 నుంచి 28కి పడింది, దేశం లెక్క బాగుపడింది. రెండు లెక్కలూ ఎదురెదురుగా నడిచే చోటు ఇదే.

నాలుగో రౌండు, 1766 తరవాత. రేవు అధికారుల కుర్చీలో ఇప్పుడు ఇంగ్లీషు కంపెనీ. వర్తకుల్ని తీసెయ్యండి. ఆ 8 మంది రైతులవుతారు. తలా 12 గింజల పంట ఇచ్చి, శిస్తుగా 8 చొప్పున వసూలు చెయ్యమనండి. 64 గింజలొస్తాయి. కంపెనీ గుమాస్తా తాను 2కి ధర కట్టి 32 తాన్లూ కొంటాడు. అదీ 64. ఇంగ్లండు నుంచి ఒక్క గింజ రాలేదు! 32 తాన్లు యూరప్ పెట్టెలో 192. బోర్డు మీద +192. నేత ఇంటికి 16 వచ్చి 20 పోతుంది, −4.

బోర్డు మీద వరసగా +12, −44, +28, +192 కనబడితే మీరు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

చిరువేరు:

లెక్క బాగుంది. చరిత్ర వైపు నుంచి కొన్ని సవరణలు.

రెండు కంపెనీలూ ఒకేసారి మొదలుపెట్టకండి. డచ్చివాళ్ళు బందరులో 1605లోనే స్థావరం పెట్టారు. ఇంగ్లీషు ఓడ 'గ్లోబ్' నిజాంపట్నానికీ బందరుకీ వచ్చింది 1611లో. ఒకటో రౌండులో డచ్చి జట్టుకి ఒక్క నిమిషం ముందు వదిలితే మంచి వర్తకుల్ని వాళ్ళు పట్టేస్తారు, ఇంగ్లీషు జట్టుకి ఆ తేడా తెలుస్తుంది. సుంకం ఎన్ని తాన్లకైనా 4 గింజలే అని పెట్టడం సరైనదే. 1632లో గోల్కొండ సుల్తాను ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఇంగ్లీషువాళ్ళు ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, సరుకు ఎంతైనా సరే. సుల్తాను ఎందుకంత ఉదారంగా ఉన్నాడని పిల్లల్ని అడగండి. రేవుకి వెండి వస్తోంది, ఇక్కడి గుడ్డ పోతోంది. ఆయన వైపు నుంచి చూస్తే బేరం లాభమే.

రెండో రౌండులో తాడు కట్టేటప్పుడు కారణం రెండు మాటల్లో చెప్పాలి. 1621లో డచ్చివాళ్ళు జాజికాయ పండే బండా దీవుల్ని ఆయుధాలతో ఆక్రమించి, అక్కడి జనాన్ని చాలామందిని చంపి, మిగిలినవాళ్ళని తరిమి, జాజికాయ మీద గుత్తాధిపత్యం సంపాదించారు. 1682లో ఇంగ్లీషువాళ్ళు జావాలోని బాంటమ్ స్థావరాన్ని కూడా పోగొట్టుకున్నారు. దాంతో వాళ్ళ చూపు గుడ్డ మీదికి మరింతగా మళ్ళింది. తాడు దానంతటది పడలేదని పిల్లలకి తెలియాలి.

మూడో రౌండుని రెండు ముక్కలు చేస్తే ఇంకా రుచి. 1700 చట్టం ఆపింది రంగులద్దిన, అచ్చేసిన గుడ్డని. తెల్లగుడ్డ తేవచ్చు. లండన్‌లో అద్దకం పనివాళ్ళు ఆ తెల్లగుడ్డ మీద అచ్చులేసి అమ్ముకున్నారు. మొదటి నాలుగు నిమిషాలు ఈ లొసుగు చెప్పకుండా చట్టం పాఠం మాత్రం గోడకి అంటించండి. ఎవరో ఒకరు కనిపెట్టి రంగు పెన్సిలు తీస్తారు. అప్పుడు లండన్ పట్టునేతగాళ్ళ గొంతు మళ్ళీ లేవాలి. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్ళు 1697లో కంపెనీ ఆఫీసు మీదికే పోయారు. 1719లో కాలికో (మన దేశపు నూలు గుడ్డ) కట్టిన ఆడవాళ్ళ మీద వీధుల్లో పడ్డారు. సగం రౌండుకి గంట కొట్టి 1721 చట్టం చదవండి: అచ్చేసిన కాలికో అమ్మడమే కాదు, కట్టుకోవడం కూడా నేరం. తెల్లగుడ్డగా లండన్‌లో ఎన్ని తాన్లు ఆగితే +28లోంచి అన్ని ఆరులు తీసెయ్యాలి, లెక్కలవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఫ్రాన్సు ఇలాంటి నిషేధం 1686లోనే పెట్టిందనీ, 1759 దాకా ఉంచిందనీ ఒక మాట అంటే ఇది ఇంగ్లీషువాళ్ళ పిచ్చి ఒక్కటే కాదని తేలిపోతుంది.

నాలుగో రౌండు దగ్గర జాగ్రత్త. 1759లో ఇంగ్లీషువాళ్ళు బందరు కోటని ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్నారు. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, సర్కారు జిల్లాలు చేతికొచ్చాయి. గుంటూరు మాత్రం 1788లో. కానీ "శిస్తు డబ్బుతోనే గుడ్డ కొన్నారు" అన్నది సూటిగా కనబడేది బెంగాల్లో, 1765 దివానీ (శిస్తు వసూలు హక్కు) తరవాత. మద్రాసు వైపు లెక్క అంత శుభ్రంగా ఉండదు. మైసూరు యుద్ధాలు శిస్తుని మింగేశాయి, బెంగాల్ నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి 64 శిస్తు, 64 గుడ్డ అని అచ్చంగా సరిపోవడం ఆట సౌకర్యమనీ, నిజంలో ఆ 64లో సైన్యం జీతాలు కూడా ఉన్నాయనీ చెప్పండి. టైము మిగిలితే ఒక పాచిక వెయ్యండి: 1 గానీ 2 గానీ పడితే శిస్తులో సగం యుద్ధానికి.

డచ్చి జట్టుని బయటికి పంపకండి. వాళ్ళు 1825 దాకా ఈ తీరంలో, భీమునిపట్నం లాంటి చోట్ల, మధ్యలో విరామాలతో ఉన్నారు. నాలుగో రౌండులో వాళ్ళు చేతిలో గింజలతో నిలబడి తాను 4కి అడుగుతూ ఉండాలి. నేత ఇల్లు అమ్మబోతే గుమాస్తా ఆపుతాడు, దొరికితే ఆ తాను జప్తు. మొదటి మూడు రౌండుల్లో మాత్రం నేతగాడికి బయానా తిరిగిచ్చేసి ఇంకో వర్తకుడి దగ్గరికి పోయే హక్కు ఉండాలి, ఎందుకంటే అది నిజంగానే ఉండేది. నాలుగో రౌండులో తగ్గింది ధర ఒక్కటే కాదు, ఈ హక్కు కూడా పోయింది. ఎదురుగా 4 ఇచ్చేవాడు ఉండగా 2కి అమ్మాల్సి రావడం ఎంత మంటగా ఉంటుందో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషువాళ్ళు నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికారన్న కథ క్లాసులోకి తప్పకుండా వస్తుంది. 1772లో కంపెనీ మాజీ ఉద్యోగి విలియం బోల్ట్స్ రాసింది బెంగాల్లో పట్టుదారం తీసేవాళ్ళ గురించి, అదీ బలవంతపు పని తప్పించుకోవడానికి వాళ్ళే తమ వేళ్ళు తీసుకున్నారని. మన తీరం నేతగాళ్ళకి దాన్ని అంటగట్టకండి.

రెండోగంట:

పైన ఇద్దరూ రాసినదాన్ని క్లాసులో దింపేటప్పుడు ఎక్కడ చెడుతుందో చెబుతాను.

చింతపిక్కలు. ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. రెండో పీరియడ్ వేరే రోజున పెడితే జేబుల్లో దొంగ వెండి వస్తుంది. అన్నింటికీ ముందే సున్నం చుక్కో, గోళ్ళ రంగు చుక్కో పెట్టండి. గురివింద గింజలు అందంగా ఉన్నాయి కదా అని వాడకండి, విషం.

మొదటి ఐదు నిమిషాలు కంపెనీ, లండన్, దీవుల జట్లకి పని ఉండదు, అల్లరి మొదలయ్యేది అక్కడే. బయానా పత్రం రాసే పని కంపెనీకివ్వండి: ఎవరికి, ఎన్ని తాన్లు, ఎంత ముందిచ్చాం, ఎప్పటికి ఇవ్వాలి. దీవుల జట్టు పొట్లాలు కట్టాలి. లండన్ పట్టునేతగాళ్ళు కూడా గీతలు గియ్యాలి, రౌండుకి 4 గుడ్డలు. మూడో రౌండు నుంచి ఇద్దరు దీవులవాళ్ళని యూరప్ పెట్టె దగ్గర కూర్చోబెట్టండి.

ఓడ ఒక్కసారే బయలుదేరాలి. ఆరో నిమిషంలో గంట. గంట తరవాత వచ్చిన తాను ఆ రౌండుకి లేదు, వచ్చే రౌండుకి గోదాములోనే. అక్టోబరు తుపానుల ముందు ఈ తీరం విడిచిపోకపోతే ఓడకి ప్రమాదం కాబట్టి గడువు అంత గట్టిగా ఉండేది. గంట లేకపోతే అమ్మకాలు చివరి నిమిషం దాకా సాగి లెక్కలు రాయడానికి టైముండదు.

రౌండు కాగానే కంపెనీల దగ్గర 100 మించినవి కాగితం మీద రాసుకుని పెట్టెలో వెయ్యమనండి, ఎక్కువైన లాభమంతా అలా తిరిగి ఆటలోకి వస్తుంది. ఇది మర్చిపోతే మూడో రౌండుకి గింజలు చాలవు.

పాత్రలు చీటీలేసి పంచండి. చీరాల, పెడన, మంగళగిరి లాంటి ఊళ్ళ క్లాసుల్లో నేత కుటుంబాల పిల్లలుంటారు. "నువ్వు నేతవాళ్ళబ్బాయివి కదా" అని ఆ పాత్ర ఇవ్వడం, ఎగతాళికి దారి తియ్యడం ఒకటే. మగ్గం గురించి వాళ్ళకి తెలిసినది చర్చలో చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.

గుమాస్తా పాత్రకి హద్దు పెట్టండి. తాను తిరస్కరించే అధికారం చేతికొస్తే కొందరు పిల్లలు ఎనిమిదికి ఎనిమిదీ తిప్పికొడతారు. ఇంటికి రెండు తాన్ల కంటే ఎక్కువ తిరస్కరించకూడదు, కారణం చెప్పాలి. రెండు పోతే ఇంటికి ఇంకో 4 గింజల నష్టం, అదే చాలు.

హాజరు తగ్గితే నేత ఇళ్ళ సంఖ్య తగ్గించకండి, తాన్ల లెక్క చెడుతుంది. దీవులు ఇద్దరితో, రేవు ఒక్కరితో నడుస్తాయి.

సుద్దముక్క:

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు. పక్క సెక్షనుకి ఒక్క పీరియడే దొరుకుతుంది, ఏం కొయ్యాలి? యూరప్ పెట్టెలో పడ్డ గుడ్డ చివరికి ఎక్కడికి పోయిందని అడిగితే? అందులో కొంత ఆఫ్రికాకి, బానిసల వ్యాపారానికి పోయిందని తెలుసు. దానికి కూడా ఒక జట్టు పెట్టాలా?

పుంజం120:

ఒక్క పీరియడైతే రెండు, నాలుగు రౌండులు ఆడించండి, మధ్యలో రెండు చట్టాలూ చదివేసి వదిలెయ్యండి. దీవులూ పొట్లాలూ అక్కర్లేదు. ఆ నలుగురు ఐదో నేత ఇల్లు కాకూడదు, యూరప్ పెట్టె దగ్గరా బోర్డు దగ్గరా ఉండాలి. లండన్ కొనుగోలుదార్లకి 80 బదులు 96 ఇస్తే −44 అలాగే వస్తుంది. −44, +192 రెండే కనబడతాయి. చట్టం వల్ల ఏమైందన్నది పోతుంది గానీ గద్దె మారితే ఏమైందన్నది మిగులుతుంది. రెంట్లో ఒకటి వదలాలంటే మొదటిదే వదలండి.

చిరువేరు:

జట్టు వద్దు. బానిసలుగా అమ్మబడ్డ మనుషుల పాత్ర పిల్లల చేత ఆడించకూడదు, అమ్మేవాళ్ళ పాత్రా ఆడించకూడదు. బేరాలాడి నవ్వుకునే ఆటలో ఆ సంగతి వేళాకోళమైపోతుంది.

ఇలా చెయ్యండి. యూరప్ పెట్టె గింజలిచ్చేటప్పుడు ఒక్కో తానుకీ మడిచిన చీటీ ఒకటి ఇవ్వాలి, ఆట అయ్యేదాకా విప్పకూడదు. లోపల ఊరి పేరు: ఆమ్‌స్టర్‌డామ్, హాంబర్గ్, వెస్టిండీస్, పశ్చిమాఫ్రికా. ఈ తీరం నుంచి పోయిన నీలి గుడ్డ, గళ్ళ గుడ్డ పశ్చిమాఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో ఉండేది. 1700 చట్టం ఆ గుడ్డని ఇంగ్లండులో అమ్మకుండా ఆపింది గానీ అక్కడికి పోకుండా ఆపలేదు. చర్చ మొదలుపెట్టే ముందు కంపెనీ జట్టు లేచి తమ చీటీలు ఒక్కొక్కటీ విప్పి చదవాలి. పశ్చిమాఫ్రికా అని వచ్చినప్పుడు ఆ తానుని గీసిన నేత ఇల్లు ఏదో అడగండి. అందుకని ఒకటో రౌండు నుంచే ప్రతి తాను వెనక ఇంటి నంబరు రాయించడం మర్చిపోకండి.